తువ్వాలు కింద నా చెయ్యి

గద్వాల వెళ్తున్నానని చెప్పగానే మా వీధిలో నలుగురు చీరలు తెమ్మన్నారు. మెదడు మీద ఉపన్యాసం ఉంది, దానికోసం వెళ్తున్నానంటే ఒక్కరూ నమ్మలేదు. ఎదురింటి పోస్టుమాస్టరు గారు మాత్రం పేపరు కిందికి దించి, "ఎవరి మెదడు?" అని అడిగారు.

మా చెల్లెలి కూతురు నీరజ హైదరాబాదులో మెదడు కణాల మీద పరిశోధన చేసింది. మెదడు లోతున చారలు చారలుగా కనిపించే ముద్ద ఒకటి ఉందట. దాని పేరు స్ట్రయేటం. మనం వేలు కదిపినా, అడుగు వేసినా అందులో దాని ప్రమేయం ఉంటుంది. అక్కడి కణాల్లో చాలావరకు బయటికి కబుర్లు పంపేవే. బహు కొద్ది కణాలు మాత్రం ఆ ముద్ద దాటి ఒక్క మాట కూడా బయటికి పంపవు. చుట్టుపక్కల కణాలను ఆపడమే వాటి పని. వాటిని నిరోధక ఇంటర్‌న్యూరాన్లు అంటారు. నీరజ పదేళ్లు వాటితోనే కాపురం చేసింది.

ఎలుకలతో తప్ప మాట్లాడే దిక్కు లేక విసిగిపోయి, ఇప్పుడు వేరే ఉద్యోగానికి ప్రయత్నిస్తోంది. జిల్లా కాలేజీలకు తిరుగుతూ మెదడు శాస్త్రాన్ని తెలుగులో చెప్పే ఉద్యోగం అది. ఇచ్చే సంస్థ వాళ్ల పరీక్ష విచిత్రమైనది. ఉపన్యాసం అయ్యాక వాళ్ల మనిషి విన్నవాళ్లలో ఒకరిని లేపుతాడు. ఆ లేచినవాళ్లు విన్నదాన్ని సొంతమాటల్లో తిరిగి చెప్పగలగాలి. హైదరాబాదులో మొదటిసారి నీరజ ముప్పావుగంట మాట్లాడాక ఒక కుర్రవాడిని లేపితే, "అంతా బాగుంది సార్" అని కూర్చున్నాడట. రెండో అవకాశం, ఆఖరుది, నాగర్‌కర్నూలు కాలేజీలో, సోమవారం.

"పెద్దమ్మా, నువ్వు తోడు రా. దారిలో కనిపించినవాళ్లకల్లా చెప్పి అలవాటు చేసుకుంటాను. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ నన్ను ఆపు" అంది.

నేను ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లల హైస్కూలులో లెక్కలు చెప్పాను. ఆపడం నాకు చేతనైన పని. ఒప్పుకున్నాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్నేళ్లుగా నా కుడిచెయ్యి పెన్ను పట్టుకోగానే బిగుసుకుపోతోంది. ఒక వేలు వంగమంటే మిగతావి కూడా వచ్చి చేరతాయి. అన్నం కలపడానికి, తల దువ్వుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. రాయబోతేనే తంటా. బ్యాంకువాళ్లు నా సంతకం చూసి నేను నేను కాదన్నారు. అప్పటినుంచి ఎడమచేత్తో గీస్తున్నాను. ఈ విషయం బ్యాంకుకీ నీరజకీ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఒకప్పుడు నల్లబల్ల మీద నా రాత చూడటానికి పక్క సెక్షను వాళ్లు వచ్చేవారు.

గద్వాల

శుక్రవారం ఉదయం గద్వాలలో మొదట తిన్నది ఉగ్గాని. బొరుగులు నానబెట్టి పిండి, తాలింపు వేసి, పైన పప్పులపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై రూపాయలు. మా బందరులో ఆ డబ్బుకి వచ్చే ఇడ్లీలు తలుచుకుంటే ఇది ధర్మమైన ధరే. బొరుగులను మేము పేరంటాల్లో పంచుతాం గాని ఇలా కడుపు నింపుకోవచ్చని మాకు తోచలేదు.

నేను ఒక బజ్జీ చాలన్నాను. హోటలాయన రెండోది కూడా వేశాడు.

"ఒకటి చాలన్నాను కదా నాయనా."

"ఒకటి ఎట్ల తింటరవ్వా. ఉగ్గాని అలుగుతది" అన్నాడు.

మా ఊళ్లో నన్ను అందరూ టీచరు గారూ, మీరూ అంటారు. గద్వాలలో దిగిన అరగంటలో అవ్వనయ్యాను. మొదట కొంచెం గుచ్చుకుంది. సాయంత్రానికి ఆ పిలుపుకు తిరిగి చూడటం అలవాటైంది.

చీరలు నేసే ఇంటికి వెళ్లాం. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. చెన్నమ్మ అనే ఆవిడ మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. నీరజ తన మొదటి ప్రయత్నం ఆవిడ మీదే చేసింది.

"ఈ నిరోధక నాడీకణాలు ఒక రసాయనాన్ని విడుదల చేసి, సమీప కణాల ఉత్తేజ స్థాయిని తగ్గిస్తాయండీ. దానివల్ల సంకేత ప్రసరణకు ఒక ఆకృతి వస్తుంది."

చెన్నమ్మ చెయ్యి ఆపకుండా, కళ్లు ఆర్పకుండా విన్నది. నేను మూడుచోట్ల దగ్గాను. ఆపమన్నదానికి మా మధ్య గుర్తు దగ్గు. నీరజ మూడుసార్లూ నాకు మంచినీళ్ల సీసా అందించి కొనసాగించింది. అంతా అయ్యాక చెన్నమ్మ చాలా మర్యాదగా, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఇంతకి ఏ రంగు సూపియ్యమంటవ్?" అంది.

ఆవపువ్వు రంగు చీర ఒకటి ఒళ్లో పడింది. ఆ రంగు నీరజకు నప్పదు. ధర తన సంచికి నప్పదు. అయినా కొనేసింది. బయటికి వచ్చాక అడిగాను.

"వద్దని ఎందుకు అనలేదే?"

"ఆవిడ అంతసేపు విన్నది కదా పెద్దమ్మా."

వద్దనే కణాల మీద పదేళ్లు పనిచేసిన మనిషి వద్దనలేకపోయింది. ఈ పిల్ల సోమవారం గట్టెక్కడం కష్టమని నాకు ఆ పూటే అనిపించింది.

పెబ్బేరు

గద్వాల నుంచి కృష్ణ దాటి వనపర్తి వెళ్లే దారిలో పెబ్బేరు తగులుతుంది. శనివారం అక్కడ పశువుల సంత. నేను అన్ని పశువులను ఒక్కచోట ఎన్నడూ చూడలేదు. ఎక్కడ చూసినా కొమ్ములు, తోకలు, వాటి మధ్య తెల్లటి తలపాగాలు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎద్దులు కూడా.

ఒక జత దగ్గర ఆగాం. తెల్లటి ఎద్దులు, అందులో ఒకదానికి ఎడమకొమ్ము వంకర. అమ్మేది బాలస్వామి అనే రైతు. పక్కన మధ్యవర్తి కుర్మయ్య, అరవై దాటిన సన్నటి మనిషి, భుజం మీద ఆకుపచ్చ తువ్వాలు. కొనడానికి వచ్చినాయన ఎర్రచొక్కా వేసుకున్నాడు.

ఎర్రచొక్కా, "పండ్లెన్ని?" అన్నాడు. పళ్లను బట్టి ఎద్దు వయసు చెబుతారట.

బాలస్వామి నోరు తెరవబోయాడు. మాట బయటికి రాకముందే కుర్మయ్య చెయ్యి అతని భుజం మీద పడింది.

"నువ్వు ఊకో. ఆయన అడిగింది పండ్లు. నువ్వు ముచ్చట జెప్తవ్" అని, తనే పళ్ల సంగతి చెప్పాడు.

"నడక ఎట్లుంటది?"

మళ్లీ బాలస్వామి పెదవి కదిలింది, మళ్లీ చెయ్యి పడింది. బాలస్వామికి తన ఎద్దుల లోపాలు కూడా చెప్పాలని ఉంది. వాటిని పెంచిన ప్రేమ అది. కుర్మయ్య చెయ్యి లేకపోతే ఆ జత ఆ రోజు అమ్ముడుపోయేది కాదు. ఆ కాస్త సమయంలోనే అటువైపు ఇంకో రైతు మధ్యలో దూరి, "నా జత సూడన్నా" అనబోతే, కుర్మయ్య రెండో చెయ్యి అతని భుజం మీద కూడా పడింది.

నీరజ నా కొంగు పట్టుకుని లాగింది.

"పెద్దమ్మా, చూశావా? ప్రశ్న ఇద్దరికీ ఒకేసారి వినపడింది. ఆయన చెయ్యి ముందు పడింది."

"చూశాను. నాకు కళ్లున్నాయి."

"ఇదే నా కణం. పై నుంచి వచ్చే కబురు అక్కడ అందరికీ వస్తుంది. ఈ కణానికి తొందర ఎక్కువ. పక్కవాళ్లు నోరు తెరిచేలోపు వాళ్ల మెడ దగ్గరే చెయ్యి వేస్తుంది. ఒక్కటి వందలమందిని ఆపగలదు."

గద్వాలలో ఈ మాటలు ఎక్కడ దాచుకున్నావని అడగబోయాను గాని, అంతలో ఎర్రచొక్కాయన ఆలోచించుకుని వస్తానని చాయ్ తాగడానికి వెళ్లాడు. నాకు తువ్వాలు సంగతి తెలుసుకోవాలని ఉంది. అక్కడ ధర పైకి చెప్పరు. ఇద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా అంకె ఆ రెండు చేతులకే తెలుస్తుంది. లెక్కలు చెప్పిన మనిషిని. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"ఏ వేలికి ఎంత నాయనా?"

"నోటితోని చెప్పేది కాదవ్వా. చెయ్యి పెట్టు, నీకే తెలుస్తది" అని కుర్మయ్య తువ్వాలు పరిచాడు.

పెట్టాను. ఆయన నా వేళ్లు నాలుగు కలిపి నొక్కాడు. నేను తిరిగి చెప్పాలని నా చూపుడువేలు ఒక్కటే కదపబోయాను. పెన్ను పట్టుకున్నప్పుడు ఏమవుతుందో సరిగ్గా అదే అయింది. ఒక్కవేలును రమ్మంటే అయిదూ వచ్చాయి. వచ్చి, కుర్మయ్య చేతిని మొత్తంగా పట్టుకుని బిగుసుకుపోయాయి.

కుర్మయ్య నా ముఖంలోకి చూశాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను.

"అవ్వా, గిట్ల గట్టిగ పట్టుకుంటే బేరం తెగినట్టు."

"నేను పట్టుకోలేదయ్యా. అదే పట్టుకుంది."

చుట్టూ ఉన్నవాళ్లకు నా మాట వినపడలేదు. తువ్వాలు కింద చేతులు కదలకుండా ఉండటమే కనపడింది. ఎవరో, "తెగింది, తెగింది" అన్నారు. బాలస్వామి కళ్లొత్తుకుని, ఎద్దుల పలుపుతాళ్లు రెండూ తెచ్చి నా ఎడమచేతిలో పెట్టాడు. అమ్మినవాడు కొన్నవాళ్ల చేతిలో తాడు పెట్టడం అక్కడి పద్ధతి. అరనిమిషం కిందట ప్రశ్న అడిగిన నేను ఇప్పుడు రెండు ఎద్దుల యజమానురాలిని. వంకరకొమ్ముది నా సంచిలోని బందరు లడ్డు వాసన చూస్తోంది.

నీరజ నవ్వాపుకోలేక అవతలికి తిరిగింది. "వద్దని చెప్పవే" అన్నాను. అది తనవల్ల కాదని నాకు అప్పుడే గుర్తొచ్చింది.

ఈలోపు ఎర్రచొక్కాయన చాయ్ తాగి వచ్చాడు. తాడు నా చేతిలో చూశాడు.

"ఏందే కుర్మన్నా, నేను చాయ దాగొచ్చేలోపల అవ్వకిచ్చినవా?"

కుర్మయ్య ఒక్క అబద్ధం ఆడలేదు. "అవ్వ చెయ్యి పట్టింది. ఇడుస్తలేదు. నేనేం జేస్త" అన్నాడు.

"యాడిది అవ్వ?"

"బందరంట."

"బందరుకెల్లి ఎడ్లకొచ్చిందా?" అని ఎర్రచొక్కాయన ఎద్దులను కొత్తగా చూడటం మొదలుపెట్టాడు. అంతదూరం నుంచి మనిషి వచ్చి పట్టుకుందంటే వాటిలో తనకు కనిపించనిదేదో ఉందనుకున్నాడు కాబోలు. "జర నా చెయ్యి గూడ సూడు" అని తువ్వాలు వైపు చెయ్యి చాపాడు.

కాని కుర్మయ్య కుడిచెయ్యి నా దగ్గరే ఉంది. ఆయన నవ్వుతూ, ఎడమచేతి వేలొకటి నా మణికట్టు మీద ఆనించి, "ఇడువు అవ్వా, ఇగ పెద్దబేరం ఒస్తుంది" అన్నాడు. లాగలేదు, నొక్కలేదు. వేలు ఊరికే ఆనించాడు. నా అయిదు వేళ్లూ ఒక్కసారిగా వదులైపోయాయి.

నేను నా చేతివైపు చూసుకున్నాను. నీరజ నవ్వు ఆగిపోయింది. తను కూడా నా చేతివైపే చూస్తోంది.

ఎర్రచొక్కా చెయ్యి తువ్వాలు కిందికి పోయింది, కాసేపు కదిలింది, ఆగింది. కుర్మయ్య రెండో చెయ్యి అంతసేపూ బాలస్వామి భుజం మీదే ఉంది. తాళ్లు నా చేతిలోంచి ఆయన చేతిలోకి మారాయి. బాలస్వామి ముఖం చూస్తే ముందటి కన్నా మంచి ధరే అని తెలుస్తోంది. అప్పుడు కుర్మయ్య అతని భుజం మీద నుంచి చెయ్యి తీసి, "ఇగ జెప్పుకో" అన్నాడు. బాలస్వామి ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాడు. "వంకరకొమ్ముది ఒక్కటే నీళ్లు దాగదన్నా, రెండోది దాగితేనే దాగుతది. దాని పేరు రాజు. ఉరుములకు బుగులైతది, బెదురుతది. చెవు ఎనక జర గోకాలె." ఎర్రచొక్కా అన్నిటికీ తల ఊపాడు. బేరం అయిపోయింది, ఇక ఎవరూ ఎవరినీ ఆపనక్కర్లేదు.

"ఎంతకి పోయాయి నాయనా?" అని కుర్మయ్యను అడిగాను.

"తువ్వాల కింది మాట తువ్వాల కిందనే అవ్వా" అని మాకు చాయ్ ఇప్పించాడు.

ఈ ప్రయాణంలో ప్రతి టిక్కెట్టు ధర, ప్రతి చాయ్ ధర నా దగ్గర ఉంది. ఆ ఒక్క అంకె లేదు. ఇప్పటికీ పడుకోబోయే ముందు గుర్తొస్తుంది.

వనపర్తి

వనపర్తిలో నీరజ స్నేహితురాలి తల్లి సత్తెమ్మగారింట్లో దిగాం. ఆదివారం ఊరు చూశాం. సంస్థానం వాళ్ల పాత భవనంలో ఇప్పుడు కాలేజీ నడుస్తోంది. దొరలు నడిచిన వసారాలో కుర్రవాళ్లు సైకిళ్లు పెట్టుకున్నారు. దానికి నేనేమీ బాధపడలేదు. పెద్ద వసారాకు అంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర, పల్లికారం. పుంటికూర అంటే మా గోంగూరే. మేము దాన్ని పచ్చడి చేసి జాడీలో దాచుకుని గొప్పలు చెప్పుకుంటాం. వీళ్లు పప్పులో వేసి ఆ పూటే తినేసి మాట్లాడకుండా ఉంటారు. రొట్టె మాత్రం నాకు చేతకాలేదు. సత్తెమ్మగారు చేత్తో తట్టి పెనం మీద వేస్తే పున్నమి చంద్రుడు. నేను తడితే కృష్ణాజిల్లా పటం వచ్చింది.

ఆవిడ వడ్డన గురించి చెప్పాలి. వంటింట్లోంచి "ఇంకో రొట్టె" అని కేక వినపడుతుంది. నీరజ తల ఎత్తేలోపు రొట్టె కంచంలో ఉంటుంది. నాలుగు రొట్టెలు తిన్నాక ఆ పిల్లకు చెమటలు పట్టాయి. నేను రెండింటితో లేచాను.

"నువ్వెలా తప్పించుకున్నావు పెద్దమ్మా?"

"కేక వినగానే కంచం మీద చెయ్యి పెట్టాలి. రొట్టె వచ్చాక వద్దంటే ఏం లాభం?"

నీరజ అయిదో రొట్టె తుంచడం ఆపి నావైపు చూసింది. "కేక ఒకటే. అది రొట్టెకూ వినపడుతుంది, చేతికీ వినపడుతుంది. చెయ్యి ముందు చేరాలి" అంది.

"రొట్టెకు చెవులుండవు. సరిగ్గా చెప్పు."

ఆ సాయంత్రమంతా డాబా మీద సాధన చేశాం. నేను వంద అడ్డుప్రశ్నలు వేశాను. ఆపే కణాలన్నీ ఒకటేనా? కాదట. తొందరపడి మెడ దగ్గర పట్టుకునేవి ఒక రకం. ఇంకో రకం నెమ్మదివి. అవి మెడ జోలికి పోవు, కణానికుండే కొమ్మల చివర కూర్చుని వచ్చే కబురునే దారిలో తగ్గిస్తాయి. ఇవి నీరసపడితే? ఆగాల్సినవాళ్లు ఆగరు. ఒక వేలు కావాలంటే పక్కవేళ్లూ లేస్తాయి. ఎలుకల్లో ఆ తొందరకణాలను మందుతో జోకొడితే కాళ్లు మెలితిరిగాయట.

"అయితే నా చేతికి అదేనా?"

"అదొక కారణం కావచ్చు పెద్దమ్మా. నీ మెదడు తెరిచి ఎవరూ చూడలేదు. అదేనని చెబితే అబద్ధమవుతుంది."

ఆ జవాబు నాకు నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పే పిల్లకు ఉద్యోగం రావాలి అనుకున్నాను.

"మరి కుర్మయ్య వేలు?"

"కొంతమందికి ఎక్కడో ఒకచోట తాకితే బిగువు వదులుతుంది. డాక్టర్లకు తెలిసినదే. ఎందుకో పూర్తిగా ఎవరికీ తెలియదు." నా మణికట్టు వైపు చూసి, "పెద్దమ్మా, రేపు నువ్వు బోర్డు మీద ఒక్క లైను—"

"వద్దు" అన్నాను. ప్రశ్న పూర్తికాలేదు.

నాగర్‌కర్నూలు

సోమవారం కాలేజీ హాల్లో పిల్లలు కిటకిటలాడుతున్నారు. ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు. ప్రిన్సిపాల్ గారు మాకు శాలువాలు కప్పారు. నాకు ఎందుకు కప్పారో ఆయనకూ తెలియదు. ఆఖరు బెంచీలో కళ్లజోడు పెట్టుకున్నాయన ఒకరు కూర్చున్నారు. సంస్థ మనిషి ఆయనే.

నీరజ ఆయనను చూసింది. చూడగానే పెబ్బేరు, రొట్టెలు, డాబా అన్నీ ఎగిరిపోయాయి.

"స్ట్రయేటంలోని నిరోధక నాడీకణాలు సంకేత ప్రసరణను" అని మొదలుపెట్టింది. వాక్యం పూర్తయ్యేసరికి మూడో వరుస దాకా తలలు వంగి ఫోన్లలోకి పోయాయి. నేను దగ్గాను. ముందు బెంచీలో అమ్మాయి మంచినీళ్లు ఇచ్చింది. మళ్లీ దగ్గాను. నీరజ తెర మీద ఇంకో బొమ్మ వేసింది. చూస్తే పూసల దండలు చిక్కుపడ్డట్టు ఉంది.

అప్పుడు లేచి నిలబడ్డాను.

"ఆపు."

హాలంతా నావైపు తిరిగింది. ప్రిన్సిపాల్ గారు సగం లేచారు. నీరజ ఆగింది. ఆగాక ఎక్కడినుంచి మొదలుపెట్టాలో దానికి తెలియలేదు. ఆపడం వరకే నేను ఆలోచించాను. ఆపాక ఏం చెయ్యాలో నేనూ అనుకోలేదు. ఆఖరు బెంచీ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు.

నా కాళ్లు నన్ను వేదిక మీదికి తీసుకుపోయాయి. అక్కడ తెర పక్కన నల్లబల్ల, దాని అంచున సుద్దముక్క ఉన్నాయి. ముప్పై నాలుగేళ్లు ప్రతి ఉదయం మొదట రాసింది తేదీ. అదే రాయబోయాను. మొదటి అంకె సగంలో ఉండగానే వేళ్లన్నీ వచ్చి సుద్దముక్కను పట్టుకున్నాయి. అది విరిగి ఒక ముక్క ప్రిన్సిపాల్ గారి చొక్కా మీద పడింది. హాలు గొల్లుమంది. ఫోన్లన్నీ దిగిపోయాయి.

నీరజ నా పక్కకు వచ్చింది. గొంతు మారింది.

"నవ్వండి. తర్వాత, ఆ సుద్దముక్క ఎందుకు విరిగిందో చెప్తాను. మా పెద్దమ్మ మొన్న శనివారం పెబ్బేరులో ఇదే చేత్తో రెండు ఎద్దులు కొన్నది."

ఆ తర్వాత నేను దగ్గాల్సిన పని పడలేదు. తన మాటల్లోకి కుర్మయ్య వచ్చాడు, బాలస్వామి వచ్చాడు, కంచం మీద చెయ్యి వచ్చింది. చివర నీరజ నా మణికట్టు మీద వేలు ఆనించి, "రాయి పెద్దమ్మా" అంది. రాశాను. నా పాతరాత కాదు. మూడో అంకె దగ్గర వణికింది. కాని తేదీ పూర్తయింది, ఎవరైనా చదవగలిగేలా ఉంది. నేను దాన్ని చెరపనివ్వలేదు.

"ఇది ఎందుకు పనిచేస్తుందో పూర్తిగా ఎవరికీ తెలియదు. అందరికీ పనిచేయదు కూడా" అని నీరజ ముగించింది.

ఆఖరు బెంచీ ఆయన లేచి, కిటికీ పక్కన నీలం ఓణీ వేసుకున్న అమ్మాయిని లేపారు. పేరు మంజుల. నీరజ నా చెయ్యి పట్టుకుంది. ఈసారి బిగుసుకున్నది తన వేళ్లు.

"ఏం విన్నావో చెప్పమ్మా."

మంజుల ఓణీ సర్దుకుంది. "సార్, మెదడు లోపల సంత లెక్క ఒకటి ఉంటది. వేలు లేపాలె అని పైనుంచి కబురొస్తది. గది అందరికి ఇనబడ్తది. బయటికి మాట పంపేటోళ్లు శానమంది. ఆపేటోళ్లు కొంచెమే. కానీ ఆళ్లకు జల్ది ఎక్కువ. పక్కోళ్లు నోరు తెరవకముందే భుజం మీద చెయ్యేసి, నువ్వు ఊకో అంటరు. గట్ల అందరు ఊకుంటే ఒక్క జతనే అమ్ముడువోతది. అంటే ఒక్క వేలే లేస్తది."

"ఆపేవాళ్లు నీరసపడితే?"

"అందరు ఒక్కపారే ఒర్లుతరు సార్. గప్పుడు అవ్వ సుద్దముక్క ఇరుగుతది."

"ఇంకో రకం ఉన్నారన్నారు కదా?"

"ఉన్నరు సార్. ఆళ్లు భుజం మీద చెయ్యెయ్యరు. సంతకొచ్చే దారిలనే కూసోని కబురునే తగ్గిస్తరు. మా నాయనమ్మ గట్లనే. మా ఇంట్ల సినిమా మాట మా నాయన దాక పోనే పోదు."

హాలు నవ్వింది. ఆయన కూడా నవ్వి, ఏదో రాసుకుని కూర్చున్నారు. మంజుల కూర్చోలేదు.

"అవ్వా, ఒక్కటి అడగాలె. ఎడ్లు ఎంతకి వోయినయి?"

"తువ్వాలు కింది మాట తువ్వాలు కిందే" అన్నాను. మరి నాకు మాత్రం ఏం తెలుసు.

బందరు

ఇంటికి చేరాక చీరలు తెమ్మన్న నలుగురికీ లేదని చెప్పాను. అది నాకు కష్టం కాలేదు. పోస్టుమాస్టరు గారు మాత్రం, "మెదడు కనపడిందా?" అని అడిగారు. పెబ్బేరులో కనపడిందన్నాను. ఆయన పేపరు పైకెత్తుకున్నారు.

ఈ కథనం మొదటి పేజీ నేనే రాశాను, ఎడమచేతి వేలు కుడి మణికట్టు మీద ఆనించి. కాగితం పట్టుకోవడానికి మూడో చెయ్యి లేక దాని మీద అట్లకాడ పెట్టాను. మిగతా పేజీలు ఫోనులో టైపు చేశాను. మామూలు రోజుల్లో అదే సుఖం.

పై వారం గురువారం నీరజ ఫోను చేసింది. ఉద్యోగం వచ్చింది. మొదటి నెలలోనే ఆరు కాలేజీలు. చెన్నమ్మ దగ్గర కొన్న ఆవపువ్వు రంగు చీర కట్టుకుని చేరిందట. అందరూ బాగుందన్నారట, ఆ ఆఫీసులో కూడా వద్దనేవాళ్లు లేనట్టుంది.

"పెద్దమ్మా, ఇంకో మాట. నాతో నువ్వు కూడా రావాలి. అందరూ నీ చెయ్యి ఎక్కడని అడుగుతున్నారు."

డెబ్బై ఏళ్లుగా నా చెయ్యి కంచం మీదికి ఎప్పుడూ ముందే చేరింది. వద్దు అనబోయాను. ఈసారి నా చెయ్యి చేరేలోపే రొట్టె కంచంలో పడిపోయింది.